తోడికోడలికన్నా ఇరవై లెవెళ్లు పైన

ఈమధ్య ఆ పాత ఆటని మళ్ళీ ఫోన్లోకి ఎక్కించుకున్నాను. గంట తిరక్కముందే ముప్పయ్యో లెవెల్‌కి తోసేసింది. ఇదేం ఆట? మొదటి ఊళ్లో వాళ్ల కష్టమేమిటో వినేలోపే మనం వాళ్లకి అందనంత పెద్దవాళ్లమైపోతే ఇక కథెందుకు? క్వెస్ట్, అంటే ఆట మనకప్పజెప్పే పని, ఎంత పెద్దదైతే లెవెల్ అంత నిదానంగా పెరగాలి. ఎవరితోనైనా వాదిస్తాను. ఆ వేగం వల్లే ఒకసారి మా తోడికోడలిని దూరం చేసుకోబోయాను.

అప్పట్లో మాచర్లలో ఇద్దరం పక్కపక్క వాటాల్లో ఉండేవాళ్లం. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక వరండాలో చాప పరుచుకుని చెరో ఫోనూ పట్టుకునేవాళ్లం. నలభయ్యో లెవెల్‌కి చేరడానికి ఏడాది పట్టింది. అక్కడ కొండ మీద పగిలిన గంట ముక్కలు ఏరి, ఏడూళ్లు తిరిగి అతికించే పెద్ద క్వెస్ట్ ఉంది. కలిసే చేయాలని ఒట్టు పెట్టుకున్నాం. అంతలో మిరపకోతలొచ్చి ఆమె నూజెండ్లలోని పుట్టింటికి బయల్దేరింది.

"నేనొచ్చేదాకా గంట ముట్టుకున్నావంటే చూడక్కా!"

"ముట్టుకుంటే ఏం చేస్తావే?"

"నీ ఫోను కుడితిలో ఏస్తా."

ఆమె వెళ్లిన వారానికి ఆటవాళ్లు పాయింట్లు రెట్టింపు చేశారు. నాకు మా చేలో కోత గుర్తొచ్చింది. ముందుగా తన సాలు ముగించిన మనిషి గట్టు మీద కూర్చోదు. అటు చివర నుంచి ఎదురొచ్చి, వెనకబడినామె సాల్లో కాయ కోస్తుంది. అందరూ కలిసే గట్టెక్కుతారు. నేనూ గబగబా పైకి పోతే ఆమెకి ఎదురెళ్లి సాయం చేయొచ్చనుకున్నాను. గంట ముట్టుకోకుండా, అడవిలో రాక్షసుల్ని చంపుకుంటూ అరవయ్యో లెవెల్‌కి చేరాను. డిగ్రీ చదివినదాన్ని, ఆట నిబంధనలు మాత్రం చదవలేదు.

ఆమె వచ్చింది. కారం మంట తగ్గని వేళ్లు ఊదుకుంటూనే ఫోన్ తెరిచింది. గంటకి కాపలా ఉన్న రాక్షసుణ్ని ఒక్క దెబ్బతో పడేశాను. నా లెవెల్‌కి ఆ క్వెస్ట్ ఎప్పుడో మూతబడింది, నాకు ముక్క రాలేదు. పక్కన అంత పెద్ద లెవెల్ మనిషి కొడితే చిన్నవాళ్లకీ ఏమీ దక్కదట, ఆమెకీ రాలేదు.

"ఏందక్కా, చంపావు సరే. నాకేం మిగిలింది?"

"సాయం చేద్దామనే కదే పోయింది!"

"నీ సాయం తగలెయ్య! ఏడాది కాచుకుంది ఇందుకా?"

ఫోన్ బోర్లించి లోపలికి పోయింది. నాలుగు మధ్యాహ్నాలు వరండాలోకి రాలేదు. నోటితో ఎవర్నైనా గెలిచేదాన్ని, ఆమె తలుపు మాత్రం కొట్టలేకపోయాను. ఐదోరోజు నా అరవయ్యో లెవెల్ మనిషిని చెరిపేశాను. నిజంగానేనా అని ఆట రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అవునన్నాను.

"ఒకటో లెవెల్ నుంచి మొదలెడుతున్నా. నిన్ను అందుకునేసరికి ఏడాది పట్టుద్ది, అప్పటిదాకా కదలబాక!" అని గోడ మీదుగా అరిచాను.

"అంత చదివావు, బుర్ర ఉందా నీకు?" అని లోపల్నుంచి కేక.

ఆటలో మొదటి ఊరి బావి దగ్గర, దాహమంటున్న ముసలమ్మ ముందు చింకిబట్టలతో నిలబడ్డాను. కాసేపటికి పక్కన మరో చింకిబట్టల మనిషి తేలింది. తన నలభయ్యో లెవెల్‌ని పక్కనబెట్టి, తనూ ఒకటి నుంచి మొదలెట్టింది. తల తిప్పితే మా తోడికోడలు గుమ్మంలో ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది.

"ముందు ముసలమ్మకి నీళ్లు మోద్దాం" అన్నాను.

"కాదు, కుందేళ్ల వేట ముందు. వాటికి చెప్పులిస్తారు."

"ఆమె దాహంతో చస్తంటే నీకు చెప్పులు కావాల్సొచ్చినయ్యా?"

ఆ మధ్యాహ్నమంతా లెవెల్ పెరగలేదు. ఇద్దరం బావి దగ్గరే నిలబడి పోట్లాడుకున్నాం.