కాజాల అక్క కత్తిరించిన కోటు

ఆ వీధిలో ఆమెను అందరూ కాజాల అక్క అనేవారు. చొక్కాకి గుండీ పట్టే చిల్లు చుట్టూ దారంతో అంచు కట్టే పని ఆమెది. పద్నాలుగో ఏట తండ్రి టైలరు కొట్లో స్టూలెక్కి మొదటి కాజా కుట్టింది. యాభై దాటినా అదే స్టూలు. పెళ్ళి మాట వచ్చిన ప్రతిసారీ బళ్ళు తెరిచే రోజులో, యూనిఫారాల ఆర్డరో అడ్డం పడేది. "ఈ ఒక్క సీజనూ గట్టెక్కనీ అమ్మాయ్" అనేవాడు తండ్రి. సీజన్లన్నీ గట్టెక్కాయి గానీ ఆమె మాత్రం స్టూలు దిగలేదు.

తండ్రిని ఊరంతా మాస్టరు అనేది. కొట్లో కత్తెర ఆయనది. సుద్దతో గీత గీసి గుడ్డ కత్తిరించేవాడే దర్జీ, మిగతావాళ్ళంతా ఉత్త సూదిపనివాళ్ళు అని ఆయన లెక్క. కూతురు కత్తెర ముట్టుకోబోతే "తెగాక అతకదు, పక్కకి జరుగు" అని కసిరేవాడు. కొడుకు చిన్నప్పుడు అదే కత్తెరతో కొత్త గుడ్డని ముక్కలుముక్కలు చేస్తే మాత్రం "చూశావా, వెధవకి చెయ్యి ఎలా తిరుగుతోందో!" అని మురిసిపోయాడు. ఒళ్ళు మండదూ! ఆ వెధవాయి ఆ తర్వాత కుట్టుపని వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు. ఫొటో స్టూడియో అన్నాడు, మూసేశాడు. టాక్సీ అన్నాడు, అమ్మేశాడు. అలాగని చెడ్డవాడు కాదు పాపం. అక్కంటే ప్రాణం. వచ్చినప్పుడల్లా "అక్కా, ఈ చొక్కా భుజాల దగ్గర పట్టేస్తోంది చూడవే" అంటూ చిన్నపిల్లాడిలా ఆమె ముందు నిలబడేవాడు.

డెబ్భై దాటాక మాస్టరుకి చూపు మందగించింది. ఆయన ఒప్పుకుంటేగా! కళ్ళద్దాలు మార్పిద్దామంటే "నా కళ్ళకేం, నిక్షేపంలా ఉన్నాయి" అని కస్సుమనేవాడు. వచ్చిన మనిషి ఛాతీకి టేపు చుట్టి ముప్పై ఆరు అని పైకి చదివేవాడు. ఆమె ఆ మనిషిని ఓసారి తేరిపార చూసి, కిక్కురుమనకుండా పుస్తకంలో నలభై వేసేది. మధ్యాహ్నం ఆయన ఇంటికెళ్ళి భోంచేసి, ఓ కునుకు తీసి వచ్చేవాడు. ఆ రెండు గంటల్లో ఆమె తలుపు ఓరగా వేసుకుని, పొద్దున ఆయన కత్తిరించినవాటిలో వంకరపోయినవన్నీ సరిచేసేది. మరీ పాడైపోతే అదే రకం గుడ్డ వెతికి తెచ్చి, మొదటినుంచీ తనే కత్తిరించేది. ఇలా ఒకటి కాదు రెండు కాదు, ఆరేళ్ళు. చెయ్యి తప్పుతోందని తెలిస్తే నాన్న కుప్పకూలిపోతాడని ఆమె భయం. ఆయన మంచం పడితే తను బతకగలదా? కత్తెర పట్టడం ఎలాగూ వచ్చేసింది, ఏదో ఒకరోజు ఆయనే పిలిచి కొట్టు నీదేనమ్మా అంటాడని లోలోపల ఆశ. పిచ్చిది!

ఒకరోజు పొద్దున్నే కొట్టు తీసి కూర్చున్నాక మాస్టరు అన్నాడు. "రేపు రిజిస్ట్రేషను. కొట్టు తమ్ముడి పేర రాసేస్తున్నా. వాడు ఫోన్ల షాపు పెట్టుకుంటాడట."

ఆమె చేతిలో సూది అలాగే ఆగిపోయింది. "మరి నేనో?"

"నీకేం అమ్మాయ్?"

ఆమె లేచి మిషను కింద దాచిన రెండు గుడ్డముక్కలు తీసి బల్ల మీద పరిచింది. "బ్యాంకు ఆఫీసరు కోటుకి నువ్వు కత్తిరించిన ముందు భాగాలు ఇవి. రెండూ ఎడమవైపువే. అదిగో, ఆ వేలాడుతున్న కోటు నేను కత్తిరించింది. ఆరేళ్ళుగా నీ కోతలన్నీ నేనే సరిచేస్తున్నా నాన్నా." అంటూనే ఆమె, ఆయన ఎక్కడ పడిపోతాడోనని చెయ్యి చాచి పట్టుకోబోయింది.

మాస్టరు ఆ ముక్కలు ముట్టుకోలేదు. "తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"అన్నీ తెలుసు. కుట్టిన గుడ్డ తడిమితే అది ఎవరి కోతో తెలీదా నాకు? నాకంటే నువ్వే బాగా కత్తిరిస్తావు. మొదటి ఏడాదే తెలిసింది."

"తెలిసి కూడా కొట్టు వాడికి రాస్తున్నావా?"

"అందుకేగా వాడికిస్తోంది! నీ చేతిలో పనుంది, ఎక్కడ కూర్చున్నా బతికేస్తావు. వాడికేముంది చెప్పు? ఈ నాలుగు గోడలైనా లేకపోతే ఏమైపోతాడు?"

ఆయన ముఖంలో పిసరంత జంకు లేదు. ఎంతో న్యాయంగా పంచానన్న ధీమాతో చెబుతున్నాడు. నాన్నకి తెలీదు, తెలిస్తే నన్నిలా పక్కన పెట్టడు అనుకుంటూనే ఆమె ఇన్నాళ్ళూ సరిపెట్టుకుంది. ఇప్పుడు ఆ కాస్త ఆసరా కూడా పోయింది. రెక్కలు ముక్కలు చేసుకుని పని నేర్చుకున్నందుకా ఈ శిక్ష?

"పోనీ, కొట్టు వాడికే ఇచ్చుకో" అంది కళ్ళు తుడుచుకుంటూ. "నా కూతురికి పని వచ్చని ఒక్కసారి ఎవరి ముందైనా అను నాన్నా. అంతే చాలు."

మాస్టరు ఏదో అనబోయేంతలో బ్యాంకు ఆఫీసరు కోటు కోసం వచ్చాడు. మర్నాడు ఆయన రిటైరుమెంటు సభ. కోటు తొడుక్కుని, అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని పొంగిపోయాడు. "మాస్టారూ, ఏం కోత అండీ! ఈ వయసులో ఆ చెయ్యేమిటండీ బాబూ!"

"అది నేను కత్తిరించానండీ" అంది ఆమె.

అన్నేళ్ళలో ఆమె ఒక కస్టమరు ముందు అలా నోరు విప్పడం అదే మొదలు. ఆఫీసరు అర్థంకానట్టు మాస్టరు వైపు చూశాడు. ఆమె కూడా చూసింది. అవునని తలూపితే చాలు. కొట్టు, గోడలు, అన్నీ ఎవరైనా పట్టుకుపోనీ, నవ్వుతూ ఇచ్చేసేది.

మాస్టరు పకపకా నవ్వాడు. "దానికి కాజాలు తప్ప ఏం వచ్చండీ! సరదాకి అంటోంది."

ఆఫీసరు కూడా నవ్వేశాడు.

ఆఫీసరు విప్పిచ్చిన కోటు ఆమె అందుకుని, మడతపెట్టి, కాగితం చుట్టి ఆయన చేతికిచ్చింది. ఆయన వెళ్ళాక చెప్పులేసుకుంది.

"ఎక్కడికమ్మాయ్? త్వరగా వచ్చెయ్, ఆ మూడు చొక్కాలకీ కాజాలు కుట్టాలి" అన్నాడు మాస్టరు.

ఆమె మళ్ళీ ఆ కొట్టు మెట్లెక్కలేదు.