చిరుగు లేని మాసిక

మ్యూజియం నుంచి కోటు వచ్చేసరికి ముసలి దర్జీకి ఉన్న కాస్త ఓపికా జారిపోయింది. దేశాన్ని నిలబెట్టిన పెద్దాయన కోటు అది. అద్దాల పెట్టెలో ఇన్నేళ్లు వేలాడి, ఎడమ మోచేతి మాసిక ఒక అంచు ఊడింది. కుట్టినవాడి చేతే మళ్లీ కుట్టించాలని అధికారిణి ముచ్చటపడి తెచ్చి ఇచ్చింది. మాసిక ఎత్తి చూడాలని ఆమెకు తోచలేదు. దండం పెట్టే వస్తువును ఎవరు తిరగేసి చూస్తారు?

ఆ మాసిక కింద చిరుగు లేదు. ఆ సంగతి తెలిసినవాళ్లలో దర్జీ ఒక్కడే మిగిలాడు. ఎదురుగా మిషను తొక్కుతున్న కొడుక్కి అది తెలియకూడదన్నదే ఇప్పుడతని బాధంతా.

కొత్త ప్రభుత్వం వచ్చిన ఏడు పెద్దాయన కోటు కుట్టించుకుని, రెండు మోచేతులకూ మాసికలు వేయమన్నాడు. చిరుగెక్కడుందని అడిగితే, జనం చిరుగుల్లో ఉంటే తాను నిగనిగలాడుతూ ఎలా నిలబడేదన్నాడు. సరే, వేషమే అనుకుందాం. మరి ఆ తర్వాత పన్నెండేళ్లు అదే కోటు తొడిగాడే! లోపలి లైనింగు పీలికలైనా మార్చనివ్వలేదు. లోపల ఎవరు చూస్తారు, దండగన్నాడు. పైన పటారం లోన లొటారం అంటారు. ఈయన పైన దొంగ లొటారం కట్టుకుని, అసలుది లోపల దాచుకున్నాడు. మంచివాడో మాయగాడో దర్జీకి నేటికీ అంతుపట్టలేదు.

మాసిక కోటు బడిపుస్తకాలకెక్కింది. దర్జీ నోరు విప్పలేదు. అంతటితో ఆగినా బాగుండేది. కొడుకు పెళ్లికి కొత్త కోటు అడిగితే, అంతటి పెద్దాయనే మాసికలతో తిరుగుతుంటే నీకేమొచ్చిందిరా అని మాసికలు వేసిన తన పాత కోటే తొడిగించాడు. పెళ్లి ఫొటోలో కొడుకు కుడిచేత్తో ఎడమ మోచెయ్యి మూసుకుని ఉంటాడు. చెయ్యి బెణికిందా అని చుట్టాలు ఇప్పటికీ అడుగుతారు. ఆ ఫొటో మిషను పైనే, గోడకుంది.

దర్జీ సూదిలో దారం ఎక్కించబోయాడు. నాలుగుసార్లు తప్పింది. ఐదోసారికి కొడుకే లేచొచ్చి కోటు అందుకున్నాడు. మాసిక ఎత్తి, కింది గుడ్డను బొటనవేలితో తడిమాడు.

"చిరుగేది నాన్నా?"

"లేదు. ఎప్పుడూ లేదు."

"నా పెళ్లికి ముందే తెలుసా నీకు?"

దర్జీకి అబద్ధమాడే ఓపిక కూడా లేదు. "ముందే తెలుసురా. కుట్టింది నేనే కదా."

కొడుకు సూదిలో దారం ఎక్కించాడు. పాత కుట్టు రంధ్రాల్లోంచే సూది పోనిచ్చి మాసిక కుట్టేశాడు, ఊడిన ఆనవాలు లేకుండా. చూస్తున్నంతసేపూ దర్జీ సిగ్గుతో చచ్చిపోయాడు. చివరికి మెడలోంచి టేపు తీశాడు.

"చెయ్యి చాపురా, కొలత తీసుకుంటా. నీకో కోటు కుడతాను."

"నీకు అంకెలు కనపడవు కదా నాన్నా," అని కొడుకు మిషను దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు.