తాండూరు దసరా కుస్తీలో ఖాజన్నను పడగొట్టింది నేను కాదు

నిన్న పొద్దున ఏడింటికి ఫోన్ వచ్చింది. ఖాజన్న మనవడు.

"తాతా, దాదా పోయిండు. మధ్యాన్నం జొహర్ నమాజ్ అయినంక తీస్కపోతం. జల్ది రా."

సరే అన్నాను. ఫోన్ పెట్టేసి గొర్రెలకు నీళ్లు పెట్టాను. కాసేపటికి మళ్లీ పెట్టాను. "ఇందాకే పెట్టినవ్ కదనే" అంది మా కోడలు.

ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

బంట్వారం నుంచి తాండూరు దాకా బస్సులో ఏం చూశానో గుర్తులేదు.

ఈ గ్రూపులో చదివే మీలో చాలామందికి ఖాజా పహిల్వాన్ అంటే తాండూరులో పరుపులు కుట్టే ముసలాయనగానే తెలుసు. కుడి కాలు ఈడ్చి నడిచేవాడు.

ఆ కాలు గురించి చెప్పాలి.

అరవైల మొదట్లో మేమిద్దరం నాపరాయి గనిలో పనిచేసేవాళ్లం. నాకు ఇరవై దాటాయి. అతను నాకంటే రెండేళ్లు పెద్ద. ఒక షో యజమాని మా ఒడ్డూపొడుగూ చూసి కుస్తీ షోలకు పిలిచాడు.

పండుగ పండుగకూ టికెట్ పెట్టి ఆడించేవాడు. చెక్కల స్టేజీ, నాలుగు మూలలా గుంజలు, చుట్టూ తాళ్లు.

దసరాకు తాండూరు గంజ్ బజారులో. జనం జమ్మికి పోయే ముందే, మధ్యాహ్నం షో. ఖాజన్న నల్ల మాస్క్ వేసుకుని రాక్షసుడిగా వచ్చేవాడు. నేను ఒంటికి పసుపు పూసుకుని దిగేవాణ్ణి. నేనే గెలవాలి.

రంజాన్ పండుగకు వికారాబాద్‌లో. అక్కడ అతను ఆకుపచ్చ శాలువా కప్పుకుని వచ్చేవాడు. అతనే గెలవాలి.

అంతా ముందే ఖరారు. జనానికి తెలియదు. తెలిసినా పట్టించుకునేవాళ్లు కాదేమో.

గెలవడం కంటే ఓడటం కష్టం. దెబ్బ తగలకుండా పడటం ఖాజన్నకు వచ్చినట్టు ఇంకెవరికీ రాలేదు. నాకు నేర్పింది కూడా అతనే.

ఒక ఏడాది దసరాకు మూడు రోజుల ముందు గనిలో ఒక బండ జారి నా భుజానికి తగిలింది. చెయ్యి పైకి లేవడం లేదు. చెబితే షోకు ఇంకొకణ్ణి తెస్తారని ఎవరికీ చెప్పలేదు. ఖాజన్నకు కూడా.

అది నేను చేసిన తప్పు.

చివరి పట్టులో అతణ్ణి భుజాల మీదికి ఎత్తి వెనక్కి వేయాలి. నడుము పట్టుకున్నాను. సగం ఎత్తేసరికి భుజంలో ఏదో తెగినట్టయింది. పట్టు జారింది.

అతనికి వెంటనే తెలిసిపోయింది. నా చెవి దగ్గర గొంతు తగ్గించి అన్నాడు.

"భుజం పోయిందారా? జర నిలబడు, సాలు. నేనే ఎగురుత."

తానే ఎగిరాడు. నా భుజం మీదుగా అవతలికి. నేను కింద చెయ్యి ఆనించి ఆపాలి. ఆనించలేకపోయాను. అతని మోకాలు పోయి గుంజకు కొట్టుకుంది.

ఆ చప్పుడు నేను విన్నాను.

జనం ఈలలు, కేకలు. నన్ను ఎత్తుకుని గంజ్ అంతా తిప్పారు. వెనక్కి తిరిగి చూస్తే ఖాజన్న స్టేజీ మీదే పడి ఉన్నాడు. మాస్క్ తీయలేదు. అరవలేదు. మాస్క్ గుడ్డను పళ్లతో కొరికి పట్టుకున్నాడట. తరువాత తెలిసింది.

కట్టు కట్టించారు. మోకాలు వంకరగానే అతుక్కుంది.

నాలుగైదు నెలలకు రంజాన్ వచ్చింది. ఖాజన్న షేర్వానీ వేసుకుని కర్ర పట్టుకుని వికారాబాద్ షోకు వచ్చాడు, చూడటానికి. యజమాని సలాం చెప్పించడానికి అతణ్ణి నేనున్న స్టేజీ మీదికి పిలిచాడు.

నాకేం తోచిందో. ఆ పండుగకు గెలవాల్సింది అతనే కదా. అతని చెయ్యి పట్టుకుని, వెల్లకిలా పడిపోయాను.

జనం పగలబడి నవ్వారు.

ఖాజన్న వంగి చూశాడు. "లే. నాకు బిచ్చమేస్తున్నవా?" అన్నాడు.

కర్ర ఆనించుకుంటూ దిగి వెళ్లిపోయాడు. యజమాని నన్ను మళ్లీ షోకు పిలవలేదు. ఖాజన్న ఏడాదిన్నర నాతో మాట్లాడలేదు.

నా పెళ్లికి వచ్చాడు. పిలవడానికి నాకు మొహం లేకపోయింది, మా అమ్మ వెళ్లి పిలిచింది. తన చేత్తో కుట్టిన పరుపు మోయించుకుని వచ్చాడు.

"పండుగ నాడు నన్ను నవ్వులపాలు చేసినవ్. అది మర్శిపోత" అన్నాడు. "కాని తాండూర్ ముచ్చట ఎవ్వనికీ చెప్పకు, తమ్మీ."

"ఎందుకన్నా? తప్పు నాదే గదా?"

"నువ్వు పడగొట్టినవంటేనే నా కాలుకు ఇజ్జత్. నాకు నేనే పడ్డనంటే ఏముంటది?"

ఒప్పుకున్నాను. దాచడమెందుకు, నాకూ అదే బాగుండింది. ఆ ఒక్క పట్టుతో ఎన్నో ఏళ్లు ఈ చుట్టుపక్కల పహిల్వాన్ అనిపించుకున్నాను. కొడంగల్ అంగడిలో నిలబెట్టి చాయ్ తాగించేవారు. తాగాను.

నిన్న ఖబరస్తాన్‌లో అతని మనవడు నా చెయ్యి పట్టుకుని అక్కడున్న కుర్రాళ్లకు చూపించాడు.

"మా దాదాను ఓడగొట్టిన మొగోడు ఈయననే."

ఒక్కొక్కరూ వచ్చి సలాం చేశారు. తీసుకున్నాను. మూడు పిడికిళ్ల మట్టి వేసి బస్సెక్కాను.

రాత్రంతా కూర్చుని ఆలోచించి ఈ పొద్దున రాస్తున్నా. ఫోన్‌లో టైప్ చేయడం మనవరాలు నేర్పింది. తప్పులుంటే సర్దుకోండి.

బాబూ, ఇది నువ్వు చదువుతావని తెలుసు. మీ దాదాను ఎవరూ ఓడగొట్టలేదు. నన్ను కాపాడబోయి పడ్డాడు.

ఖాజన్నా, మాట తప్పాను. కోపం చేసుకో, పర్వాలేదు.

అల్లా నీ కాలి నొప్పిని తీసేసి, నిన్ను మెత్తగా పడుకోబెట్టాలి.

సలాం అన్నా.

నీ తమ్ముడు నర్సింలు