ధర్మకర్త అబీదా

తిరువూరు నుంచి ఎ.కొండూరు వెళ్ళే దారిలో ఉన్న నూలు మిల్లులో అబీదాని ధర్మకర్తని చేసినప్పుడు మొదట నవ్వింది ఆవిడతో పాటు పనిచేసే ఆడవాళ్ళే. "ఏమ్మా ధర్మకర్తా, ఈసారి నెమలి గుళ్ళో కల్యాణానికి పట్టుబట్టలు నువ్వే మోసుకెళ్తావా?" అని ఒకరు, ప్రసాదం తమకి కాస్త ఎక్కువ పెట్టించమని ఇంకొకరు. తెగిన దారానికి ముడేస్తూ అబీదా కూడా నవ్వింది. "మోయమంటే మోస్తాలే. బట్టలు మాత్రం మీరే కొనాలి" అంది.

పొరపాటు ఆఫీసులో జరిగింది. మిల్లు కార్మికుల పింఛను సొమ్ము చూసుకోడానికి ఒక ట్రస్టు ఉంది. అందులో యాజమాన్యం మనుషులతో పాటు కార్మికుల మనిషి కూడా ఉండాలి. నోటీసు బోర్డు మీద ట్రస్టీ అన్న మాటని ఎవరో 'ధర్మకర్త' అని తెలుగు చేశారు. నిఘంటువు చూస్తే అది తప్పు కాదు. కానీ మన వీధుల్లో ధర్మం అంటే ఏంటి? చాపిన చేతిలో వేసేది. ఆ మాట పుణ్యమా అని, పింఛనంటే ఓనరుగారు దయతలిచి ఇచ్చేదని సగం మిల్లు నమ్మేసింది. రిటైరైన దశరథరామయ్య వినగడప నుంచి బస్సెక్కి వచ్చి మరీ అబీదా గుమ్మంలో చేతులు కట్టుకు నిలబడ్డాడు. పింఛను ఆలస్యమవుతోందట, ఓనరుగారి చెవిన వేసి ధర్మం చేయించాలట. వయసులో పెద్దాయన అలా నిలబడితే ఆవిడకి సిగ్గేసింది. లోపలికి పిలిచి కుర్చీ వేసింది.

ఆవిడ ఎన్నిక వెనక పెద్ద కథేమీ లేదు. ఆఫీసు గదిలో కుర్చీ అంటే ఎవరూ ముందుకి రాలేదు, అబీదాకి మొహమాటం తక్కువని తోసేశారు. మనం ఎప్పుడూ చేసే పనే ఇది. వందలమంది ముసలితనానికి ఒకరిని కాపలా పెడతాం. చేతికి కర్ర ఇవ్వం, తలకి గొడుగివ్వం. ఏదైనా తేడా వస్తే మాత్రం ఆ మనిషినే పట్టుకుంటాం.

మొదటి మీటింగులోనే తేడా వచ్చింది. ఓనరుగారి బావమరిది మామిడికాయలకి కోల్డు స్టోరేజీ కడుతున్నాడు. దానికి పింఛను సొమ్ములోంచి అప్పివ్వాలని మేనేజరు జగన్నాథరావు తీర్మానం తెచ్చాడు. ఆయన కూడా ట్రస్టీయే. ఇంగ్లీషులో ఉన్న కాయితాలు అబీదా ముందు పెట్టి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు. తనకి అర్థం కాలేదని ఆవిడ చెప్పింది.

"అర్థం కాకపోతే సంతకం పెట్టేయడమే మంచిదమ్మా. అర్థమైనవాళ్ళం మేం పెట్టాం కదా."

"అర్థమయ్యాకే పెడతానండి" అని పెన్ను మూత పెట్టేసింది అబీదా.

బయటికి వచ్చాక జగన్నాథరావు గొంతు తగ్గించాడు. ట్రస్టీ అంటే సొంత బాధ్యత ఉంటుందని, ఆలస్యం వల్ల నష్టం వస్తే ఆవిడ ఇల్లు అమ్మి కట్టాల్సి వస్తుందని చెప్పాడు. బెదిరించినట్టు కాదు, మేలుకోరి చెప్పినట్టే చెప్పాడు. అదే ఎక్కువ భయపెట్టింది.

ఆ ఇల్లంటే బస్టాండు వెనక రెండు గదులు. అబీదా మొగుడు హనీఫ్ ఆటోలకి సీటు కవర్లు కుట్టీ కుట్టీ, ఆవిడ దారం చుట్టీ చుట్టీ కట్టుకున్నది. హనీఫ్ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని, "మానెయ్ అబీదా. ఇల్లు పోతే మళ్ళీ కట్టే ఓపిక నాకు లేదు" అన్నాడు. ఆవిడ కాదనలేదు.

మర్నాడు షిఫ్టు మారే వేళకి మిల్లు ఎదురుగా టీ కొట్టు దగ్గర అందరికీ చెప్పేసింది, ఇంకొకరిని చూసుకోమని. ఇల్లు పోతుందని మేనేజరు చెప్పింది కూడా దాచలేదు. పింఛను సంగతి తేలిందేమోనని వచ్చిన దశరథరామయ్య ఓదార్పుగా అన్నాడు:

"పోనీలే అమ్మాయ్. ఓనరుగారి ధర్మం, ఆయనిష్టం. మధ్యలో నీకెందుకు?"

అబీదాకి ఎక్కడలేని కోపం వచ్చింది. "ధర్మమేంటి బాబాయ్? నువ్వు పనిచేసినన్నాళ్ళూ నీ జీతంలో పింఛనుకని కోత పడలేదా? అది ఎవరు ఎవరికి చేసిన ధర్మం?"

ముసలాయన గ్లాసు కింద పెట్టాడు. "పడింది" అన్నాడు. కాసేపటికి మళ్ళీ, "ప్రతి నెలా పడింది" అన్నాడు. ఇంతకాలం తన సొమ్ముకే తను చేతులు కట్టుకు నిలబడ్డానన్న సంగతి ఆయన మొహంలో మెల్లగా తేటపడింది. చుట్టూ ఉన్నవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాజీనామా మాట ఆవిడా మళ్ళీ ఎత్తలేదు, వాళ్ళూ ఎత్తనివ్వలేదు. పదిమంది కలిసి ఆవిడ్ని తిరువూరు కోర్టులో పనిచేసే లాయరు గీతాంజలి దగ్గరికి తీసుకెళ్ళారు.

గీతాంజలి కాయితాలు చదివి, మేనేజరు చెప్పింది సగమే నిజమంది. ట్రస్టీకి సొంత బాధ్యత ఉన్నమాట నిజం. అది తెలిసి తెలిసి సొమ్ముని తప్పుదారి పట్టించినవాళ్ళ మెడకి చుట్టుకుంటుంది. అర్థం కానిదాన్ని అడిగి తెలుసుకునేవాళ్ళకి అంత భయం అక్కర్లేదు. "అయినా అక్కా, ఒంటరిగా వెళ్ళకు. నిన్ను కాపాడే మాట కూడా రాతలో ఉండాలి" అంది. ఇద్దరూ కూర్చుని ఇంకో తీర్మానం రాశారు. కాయితాలు ముందుగా, తెలుగులో ఇవ్వాలి. సలహాకి లాయరుని పెట్టుకునే ఖర్చు ట్రస్టుదే. నిజాయితీగా పనిచేసిన ట్రస్టీ మీద కేసు పడితే ఆ భారం కూడా ట్రస్టే మోయాలి.

తరవాతి మీటింగు రోజు పనిదిగినవాళ్ళు ఇళ్ళకి వెళ్ళలేదు. ఆఫీసు బయట నేలమీద కూర్చున్నారు. నినాదాల్లేవు. హనీఫ్ కూడా కొట్టు మూసి వచ్చి ఒక పక్కన కూర్చున్నాడు. అబీదా తనతో గీతాంజలిని లోపలికి తీసుకెళ్ళింది.

జగన్నాథరావు మళ్ళీ అబీదా ఇంటి సంగతే ఎత్తాడు. గీతాంజలి మర్యాదగానే అడిగింది, విజయవాడలో మీ ఇల్లు ఎవరి పేరున ఉంది సార్ అని. కోల్డు స్టోరేజీ మునిగితే ముందుగా అడిగేది సంతకం పెట్టినవాళ్ళనే అని కూడా చెప్పింది.

ఆయన తన సంతకం ఉన్న కాయితం వంక చూశాడు. ఓనరు మాట కాదనే ధైర్యం లేక పెట్టిన సంతకాలు ఇంకెన్ని ఉన్నాయో మరి. చివరికి అప్పు కాయితాలు పక్కకి జరిపి, తెలుగు తీర్మానం ముందుకు లాక్కున్నాడు.

"ఈ రక్షణ నాకూ వర్తిస్తుందా?" అని అడిగాడు.

"వర్తిస్తుంది సార్" అంది అబీదా. "కాకపోతే ముందు చదవాలి. బయటవాళ్ళకి వినపడేలా చదవండి."

ఎవరో లేచి కిటికీ తలుపులు బార్లా తీశారు. జగన్నాథరావు గొంతు సవరించుకుని మొదటి వాక్యం చదివాడు. సరిగ్గా వినపడలేదని బయటినుంచి దశరథరామయ్య అన్నాడు. మేనేజరు మళ్ళీ మొదటినుంచి చదివాడు.