ఇంజురీకి తాతయ్య చెప్పిన అర్థం

నా చిన్నప్పుడు ఇంగ్లీషు మాటలన్నీ మా తాతయ్యకు చుట్టాలేమో అనుకునేదాన్ని. ఏ మాట ఎక్కడ పుట్టిందో, ఏ దేశం మీదుగా వచ్చిందో, దారిలో ఎలా మారిపోయిందో ఇంటి సంగతుల్లా చెప్పేవారు. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరై, అమ్మమ్మతో కలిసి విజయవాడ వన్ టౌన్‌లో మేడ మీద వాటాలో ఉండేవారు. డెబ్బైల్లో నా వేసవి సెలవులన్నీ అక్కడే గడిచాయి.

అమ్మమ్మ ఆవకాయ పెట్టే రోజున పక్కింటి అక్క వచ్చేది. ఇరవై ఏళ్లుంటాయేమో. ఉప్పు, కారం, ఆవపిండి కంటితోనే కొలిచి కలిపేది. ఆ చెయ్యి పడితే పచ్చడి ఏడాదంతా నిలుస్తుందని వీధి వీధంతా ఆమెనే పిలిచేవారు. అలా పిలిస్తే అక్క ముఖం వెలిగిపోయేది. మా ఇంట్లో అయితే చనువుగా జాడీలు తనే దింపి, తనే వాసెన కట్టి వెళ్లేది.

నాకు పదేళ్లు నిండిన వేసవిలో, ఒక మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే, నేను చేతులు కడుక్కుని, తుడుచుకోకుండానే జాడీలో చెయ్యి పెట్టి టెంక ముక్క తీసుకుని తిన్నాను. తడి తగలకూడదని వందసార్లు విన్నదాన్నే. రెండు వారాలు తిరక్కుండా పచ్చడి మీద తెల్లగా బూజు కట్టింది.

ఆ రోజుల్లో నెలసరి సమయంలో ఆడవాళ్లు పచ్చడి జాడీ ముట్టుకోకూడదనే పట్టింపు గట్టిగా ఉండేది. అమ్మమ్మ బూజు చూడగానే, అక్క నెలసరిలో ఉండీ చెప్పకుండా వచ్చి కలిపి ఉంటుందని తేల్చేసింది. అక్కను పిలిచి అడగలేదు. సాయంత్రానికి ఆ మాట వీధి కుళాయి దగ్గరికి చేరింది. మాగాయకు పిలిచిన రెండిళ్లవాళ్లు వద్దని కబురు చేశారు. అక్క గుమ్మం దాటడం మానేసింది. నేను మాత్రం నోరు మెదపలేదు. భయం.

నాలుగు రోజుల తర్వాత మెట్ల మీద పడి నా మోకాలు చీరుకుపోయింది. తాతయ్య టింక్చర్ అద్దుతూ, మంట మరిపించడానికి ఎప్పటిలాగే ఒక మాట కథ ఎత్తుకున్నారు.

"దీన్ని ఇంగ్లీషులో ఇంజురీ అంటారు కదా. మొదట్లో ఆ మాటకి గాయం అనే అర్థమే లేదు తల్లీ. లాటిన్‌లో న్యాయానికి ఓ చిన్న మాటుంది. దాని ముందు 'కాదు' అనే ముక్క తగిలించారు. అన్యాయం అని అర్థం. ఒంటికి తగిలే దెబ్బ అనే అర్థం చాలాకాలం తర్వాత వచ్చి చేరింది."

ఎక్కడో సముద్రాల అవతల, వేల ఏళ్ల కిందట, ముక్కూ మొహం తెలియని మనుషులు నేను చేసిన పనికి ముందే పేరు పెట్టి ఉంచారనిపించింది. రక్తం రానిదాన్నే వాళ్లు మొదట గాయంగా లెక్క వేశారా అని ఆశ్చర్యపోయాను. ఏడుపు ఆగలేదు. మంటకనుకుని తాతయ్య ఊదుతుంటే, మొత్తం చెప్పేశాను.

ఆయన కోప్పడలేదు. సీసాకు మూత పెట్టి, "మీ అమ్మమ్మకి కూడా చెప్పు" అన్నారంతే.

అమ్మమ్మకీ అంతా చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, కుళాయికి నీళ్లొచ్చే వేళ చూసి కిందికి దిగింది. బిందెలతో ఆడవాళ్లంతా నిలబడి ఉన్నారు. అక్క చివర్న ఉంది. ఎవరికీ తల వంచని మా అమ్మమ్మ అందరికీ వినబడేలా అంది:

"పచ్చడి పాడు చేసింది మా మనవరాలు. ఆ చివర నిలబడ్డ పిల్లని అన్నది నేను. తప్పు మాదే."

అంత పెద్ద మనిషిని నేను మళ్లీ చూడలేదు. అక్క బిందె కింద పెట్టి, "ఒక్కసారి నన్ను అడగాల్సింది పిన్నిగారూ" అంది. నన్ను పల్లెత్తు మాట అనలేదు.

వీధివాళ్లు అక్కను మళ్లీ పిలవడం మొదలుపెట్టారు. మరుసటి వేసవిలో అమ్మమ్మే వెళ్లి పిలిస్తే మా ఇంటికీ వచ్చింది. అదే నవ్వు, అదే పనితనం. కానీ జాడీ దగ్గరికి వెళ్లి ఆగింది.

"ముట్టుకోమంటారా పిన్నిగారూ?"

అంతకుముందు ఏనాడూ అలా అడిగింది లేదు. ఆ తర్వాత, పెళ్లయి వెళ్లిపోయేదాకా, అడగకుండా ముట్టుకున్నదీ లేదు. ఆ ప్రశ్న ఆమె నోటికి నేను నేర్పిందే. ఇన్నేళ్లయినా నాకది వినబడుతూనే ఉంది.