తిమ్మక్క తీగ

కంబదూరులో తాగి కొట్టే మొగుణ్ణి వదిలేసి, కుట్టుమిషను ఒక్కటి వెంట తెచ్చుకొని అనంతపురం వచ్చింది తిమ్మక్క. వెనక్కి పొమ్మన్నవాళ్లెవరి మాటా వినలేదు. ఆరు పోర్షన్ల పాత ఇంట్లో బాడుగకు దిగి, పట్టుచీరలకు జాకెట్లు కుడుతూ పద్నాలుగేళ్లు గడిపింది. దిగిన ఏడాది కుండీలో నాటిన మనీ ప్లాంట్ కిటికీ మీదుగా పాకి బయటి గోడంతా పట్టింది. ఇప్పుడది ముసలిదైపోయింది. మొదలు దగ్గర బోడి కాడలు, ఎక్కడో చివర నాలుగు పాలిపోయిన ఆకులు.

ఆ వేసవిలో ఇంటి బోరు ఎండిపోయింది. మూడు రోజులకోసారి ట్యాంకరు. ఇంటి యజమాని గంగాధరప్ప వచ్చి గోడ చూశాడు.

"సున్నమంతా పెళ్లలూడుతాండాది. మనుషులకే నీళ్లు లేవు, నీకు చెట్టొకటా? ఆదివారానికి పీకెయ్యల్ల. లేదంటే వేరే ఇల్లు చూసుకో."

"నా బిందెలో నీళ్లు నేనెవరికి పోస్తే నీకేమప్పా?" అంది తిమ్మక్క. "గోడ మాటంటావా, అది నిజమే. గోడ విడిపిస్తా. చెట్టు మాత్రం పీకను."

ఆ మధ్యాహ్నమే కత్తెర వేడినీళ్లలో ముంచి తుడిచింది. పక్క పోర్షన్ జ్యోతి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"జాకెట్ల కత్తెరతోనా అక్కా?"

"ఇంకోటి యాడుండాది నాకు?"

గోడకంటుకున్న వేళ్లను గోటితో విడదీసి తీగనంతా దించింది. మొదలు దగ్గర జానెడు కాడలుంచి, కణుపులకు కాస్త పైన తెగ్గోసింది. కుండీలో ఆరు మోళ్లు మిగిలాయి.

"సంపేస్తివి కదక్కా," అంది జ్యోతి.

తిమ్మక్క గట్టిపడ్డ మట్టిని గుల్ల చేసి, పేడ ఎరువు కలిపిన ఎర్రమట్టి వేసింది. కోసిన తీగను రెండేసి కణుపులకు ముక్కలు చేసి, నీళ్ల సీసాల్లో నిలబెట్టి, ప్రతి పోర్షన్‌కూ రెండు పంచింది. వద్దన్నవాళ్ల చేతిలోనూ పెట్టింది.

ఆదివారం గంగాధరప్ప వచ్చేసరికి గోడకు కొత్త సున్నం వేసి ఉంది. కానీ కిటికీ కిటికీలోనూ సీసాలు.

"ఏమిది?"

"చెట్టు పెంచేవాళ్లు ఇల్లు ఖాళీ చెయ్యల్లంటివి కదా. చెప్పు అందరికీ."

జ్యోతి, మిగతావాళ్లు బయటికొచ్చారు. ఒక్కరూ లోపలికి పోలేదు. గంగాధరప్ప కుండీకేసి చూసి, "అదెట్లాగూ సచ్చేదేలే," అనుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ మాట తిమ్మక్కను తొలిచేసింది. మట్టి పొడారినప్పుడల్లా బియ్యం కడిగిన నీళ్లు పోసేది. పొద్దునే మోళ్లను వేలితో తడిమి చూసుకునేది. రెండు వారాలైంది. ఒక మోడు కుళ్లిపోతే పీకి పారేసింది. మిషను తొక్కుతున్నా చూపంతా అటే.

ఇరవై నాలుగో రోజు ఒక కణుపు పక్కన సూదిమొనంత పచ్చగా పొడుచుకొచ్చింది. వానలొచ్చేసరికి ఐదు మోళ్లూ చిగిర్చాయి.

మళ్లీ వచ్చిన గంగాధరప్ప కాసేపు కుండీ ముందు నిలబడ్డాడు. "మళ్లా గోడెక్కిస్తావా?"

"ఈ తూరి కిటికీకి దారం కడతా," అంది తిమ్మక్క, మిషను ఆపకుండానే. "నీ గోడ నువ్వే పెట్టుకో."