పాలపొడి డబ్బాలో ఈల

గవర్నర్‌పేటలో మా పై వాటాలో ఉండే మాస్టారు పాత రేడియోల్లోంచి ఏరుకొచ్చిన ముక్కలతో, రేడియోలు పరీక్షించే యంత్రం ఒకటి పాలపొడి డబ్బాలో కట్టారు. దాన్ని సరిచూసే మీటరు కొనే స్తోమత లేదు. అందుకని మా వంటింటి రేడియోనే ఆయన మీటరు. పైన ఆయన మర తిప్పితే, ఆ డబ్బా పంపే తరంగాలకి కింద స్టేషన్ల మధ్య ఖాళీలో సన్నగా ఈల వచ్చేది.

"వినబడుతోందా అమ్మాయ్?" అని మెట్ల మీంచి కేకేసేవారు.

"వినబడుతోందండీ!"

ఆ సంబరానికి మడమతో నేల తట్టేవారు. మా శ్లాబు టకటకమనేది.

మాస్టారు కాలంచేసి నెల తిరక్కుండానే, నేను పోపు వేస్తుంటే రేడియోలో అదే ఈల. గరిటె చేతిలోనే ఆగిపోయింది. పైనుంచి వాళ్లావిడ గొంతు: "వినబడుతోందా అమ్మాయ్?"

వినబడుతోందన్నాను. శ్లాబు టకటకమంది.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం అడుగుతారు. మొన్నటి వానలకి డబ్బాలో ఏదో పాడైనట్టుంది. ఈల లేదు, ఉత్త గరగర. బాగుచేసే మనిషీ లేరు. ఆవిడకా సంగతి తెలియదు.

నేను రేడియో కట్టేసి, మెట్ల దాకా వెళ్లి, "వినబడుతోందండీ" అంటాను. పైన టకటక మొదలవుతుంది.